కొండ వెనక కొండ ఫోటోలో ఎందుకు కలిసిపోతోంది?

ప్రశ్న: డిసెంబరు చివర్లో పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండకు వెళ్ళాను. కంటికి ఏడెనిమిది వరుసల కొండలు ఒకదాని వెనక ఒకటి లేత నీలంగా కనిపించాయి. ఫోటోలో మాత్రం కింద చెట్లు, పైన తెల్లటి ఆకాశం, మధ్యలో సన్నటి బూడిద రంగు పట్టీ. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేముకన్నా చిన్నది) ఉన్న కెమెరా, 18–55, 55–250 ఎంఎం లెన్సులు, ఒక ఫోన్ ఉన్నాయి. 18 ఎంఎం దగ్గర, లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్/22 పెట్టి, ఉదయం 8:15కి జేపెగ్‌లో తీశాను. ఇంటికొచ్చి లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, మసకను తగ్గించే డీహేజ్ స్లైడర్‌ను 60 దాకా పెంచితే ఇంకా పాడైంది. షాపులో మెరుపునీ మసకనీ తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కొనమన్నారు. కొనాలా? వచ్చే నెల పాపికొండల బోటు ప్రయాణం ఉంది. అక్కడ కూడా ఇలాగే అవుతుందేమోనని భయం. (ఒక పాఠకుడు, అనకాపల్లి)

సమాధానం: పోలరైజర్ కొనకండి. ఈ పనికి కావలసిన లెన్సు మీ దగ్గర ఉంది, అది 55–250. ఫోటో చెడటానికి కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి: వెడల్పు లెన్సు, ఆలస్యమైన వేళ, ఎఫ్/22, డీహేజ్. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది డీహేజే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

కొండలను వరుసలుగా విడదీసి చూపేది వాటి మధ్యనున్న గాలి. అందులో తేమ బిందువులు, ధూళి, పొయ్యిల పొగ ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు చెదిరి, కొంత మన కంటివైపు తిరుగుతుంది. అర కిలోమీటరు దూరంలో ఉన్న కొండకీ మనకీ మధ్య ఈ చెదిరిన వెలుతురు చాలా తక్కువ. అందుకే ఎదురు వెలుగులో అది దాదాపు నల్లగా కనబడుతుంది. అయిదు కిలోమీటర్ల అవతలి కొండను పదింతల గాలిలోంచి చూస్తున్నాం కాబట్టి అది లేతబడుతుంది. పదిహేను, ఇరవై కిలోమీటర్లకు వెళ్ళేసరికి కొండ రంగు ఇంచుమించు ఆకాశం రంగే అవుతుంది. ఒక్కో వరుస తన ముందున్న వరుసకన్నా ఒక మెట్టు లేత. ఆ మెట్లు ఉంటేనే ఫోటో ఉంటుంది. డీహేజ్ చేసే పని ఈ చెదిరిన వెలుతురు ఎక్కడెంత ఉందో అంచనా కట్టి తీసేయడం. దాంతో దూరపు కొండలు ముదురుతాయి, దగ్గరి కొండలు ఎలాగూ ముదురే, మధ్యనున్న మెట్లు చెరిగిపోతాయి. మీరు కొండెక్కింది ఏ మసక కోసమో దాన్నే ఆ స్లైడర్ తుడిచేసింది.

కాబట్టి ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తీయాలి, ఎంత వెలుతురు తీసుకోవాలి అన్న ప్రతి నిర్ణయానికీ ఒకటే కొలత పెట్టుకోండి: పక్కపక్కనున్న రెండు వరుసల మధ్య తేడా పెరుగుతోందా, తగ్గుతోందా?

ఆ తేడాను అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది సూర్యుడి దిక్కు. గాలిలోని తేమ బిందువులు తమ మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని అది సాగుతున్న దిశలోనే, ముందుకు చెదరగొడతాయి. మీరు సూర్యుడి వైపు తిరిగి ఉంటే ఆ వెలుతురంతా మీ లెన్సులోకి వస్తుంది, లోయల్లోని మసక మెరుస్తుంది. అదే సమయంలో కొండల మనవైపు ముఖాలు నీడలో ఉంటాయి. నీడ, మెరిసే మసక, మళ్ళీ నీడ, ఇలా వరుసలు తేటగా విడిపోతాయి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీస్తే కొండల మీద చెట్లూ పొలాలూ పచ్చగా కనిపిస్తాయి కానీ వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సూర్యుణ్ణి సరిగ్గా ఫ్రేములోనే పెట్టక్కర్లేదు. పక్కకు 20 నుంచి 40 డిగ్రీల దూరంలో వదిలేసి తీస్తే మెట్లు బాగా వస్తాయి, లెన్సులో వెలుగు మచ్చలు కూడా తక్కువ పడతాయి. వంజంగి మీద జనమంతా సూర్యుడు పొడిచే చోటికే కెమెరాలు గురిపెడతారు. దానికి కాస్త ఎడమకు, కాస్త కుడికి లెన్సు తిప్పి చూడండి, మంచి వరుసలు అక్కడ దొరుకుతాయి.

దిక్కు ముందే తెలుసుకోవచ్చు. మన ప్రాంతంలో డిసెంబరు చివర సూర్యుడు తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. జూన్ చివర అంతే ఉత్తరంగా ఉదయిస్తాడు. ఫోన్‌లోని దిక్సూచితో ముందురోజు సాయంత్రమే చూసుకుంటే చీకట్లో చోటు వెతుక్కోనవసరం ఉండదు.

ఇక వేళ. మీరున్న చోట డిసెంబరు చివర సూర్యోదయం దాదాపు 6:25కి. 8:15 అయ్యేసరికి సూర్యుడు 20 డిగ్రీలు దాటి పైకి వచ్చేశాడు. వెలుతురు పైనుంచి పడుతున్నప్పుడు మసక అంతటా ఒకేలా తెల్లబడుతుంది, లోయకీ అంచుకీ తేడా ఉండదు. అసలైన సమయం సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాల నుంచి తర్వాత గంట వరకు. ఎండెక్కిన తర్వాత ఇంకో చిక్కుంది. వేడెక్కిన గాలి కదలడం వల్ల దూరపు కొండ అంచులు వణుకుతాయి. 55–250 లాంటి పొడవు లెన్సులో అది ఫోకస్ తప్పినట్టే కనిపిస్తుంది, ఏ ట్రైపాడూ దాన్ని ఆపలేదు.

లోయలో మంచు పాలసముద్రంలా పరుచుకుంటుందో లేదో కూడా కొంతవరకు ముందే పసిగట్టవచ్చు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి బాగా చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారి చేరుతుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. పాడేరు, లంబసింగి, అరకు చుట్టుపక్కల లోయల్లో నవంబరు నుంచి జనవరి దాకా ఇది తరచుగా జరుగుతుంది. సాయంత్రం వాన పడి రాత్రికి ఆకాశం తేటబడితే ఇంకా మంచిది. వాతావరణ యాప్‌లో రెండు అంకెలు చూడండి. ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉండాలి. గాలి వేగం గంటకు అయిదారు కిలోమీటర్లు మించకూడదు. మబ్బు పట్టిన రాత్రి, ఈదురుగాలి రాత్రి మంచు నిలవదు. ఎండ తగిలాక మంచు లేచి, మీరు నిలబడ్డ చోటునే ముంచెత్తవచ్చు. అప్పుడు చాలామంది సంచి సర్దేసి దిగిపోతారు. మీరు దిగకండి. ఆ మంచు చిరిగి కొండ అంచులు ఒక్కొక్కటే బయటపడే కొద్ది నిమిషాల్లో వరుసలు మామూలుకన్నా ఎంతో విడివిడిగా ఉంటాయి.

లెన్సు సంగతి లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మీ కెమెరా మీద 18 ఎంఎం లెన్సు అడ్డంగా 64 డిగ్రీలు, నిలువుగా 45 డిగ్రీలు చూస్తుంది. మీరు చూసిన ఏడెనిమిది వరుసలు మొత్తం కలిపినా నిలువుగా నాలుగైదు డిగ్రీల ఎత్తులోనే ఇమిడి ఉంటాయి. అంటే ఫ్రేములో పదో వంతు. మిగతాదంతా మీకు అక్కర్లేని ఆకాశం, పొదలు. కన్ను ఆ పట్టీ మీదే నిలిచి మిగతాదాన్ని పట్టించుకోదు, కెమెరాకి ఆ ఎంపిక తెలియదు. 200 ఎంఎం దగ్గర నిలువు కోణం 4 డిగ్రీలకు కాస్త ఎక్కువ. అదే పట్టీ ఇప్పుడు ఫ్రేమంతా నిండుతుంది. పొడవు లెన్సు కొండలను దగ్గరకు లాగుతుందని అంటుంటారు. నిజానికి అదేమీ జరగదు. అదే చోటినుంచి 18 ఎంఎంతో తీసి మధ్యభాగాన్ని కత్తిరించినా కొండల అమరిక అచ్చం అలాగే ఉంటుంది, పిక్సెళ్ళు మాత్రం మిగలవు. అమరికను మార్చేది మీరు నిలబడే చోటు.

ఎంత కదిలితే ఎంత మారుతుందో కూడా చూడండి. దగ్గరి గట్టు 100 మీటర్లలో ఉందనుకోండి. మీరు 3 మీటర్లు పైకెక్కితే అది దాదాపు 1.7 డిగ్రీలు కిందికి దిగుతుంది, 200 ఎంఎం అడ్డం ఫ్రేములో ఇది మూడో వంతుకన్నా ఎక్కువ. అదే 2 కిలోమీటర్ల అవతలి గట్టు 0.1 డిగ్రీ కూడా కదలదు. అందుకే ముందున్న గట్టో చెట్టో వెనక వరుసను కప్పేస్తుంటే నాలుగడుగులు ఎక్కినా, పక్కకు జరిగినా పని జరుగుతుంది. దూరపు వరుసలు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటే మాత్రం అక్కడ ఎంత తిరిగినా లాభం లేదు, వేరే దిక్కు చూసుకోవాలి.

ఫ్రేములో కనిపించిన వరుసలన్నీ పెట్టాలని ఆశపడవద్దు. నాలుగు నుంచి ఆరు చాలు. అడుగున ముదురు వరుస ఫ్రేములో అయిదో వంతు దాటకుండా చూడండి, మరీ ఎక్కువైతే నల్లటి దిమ్మెలా బరువుగా ఉంటుంది. ఆకాశం సన్నగా ఉంచండి, ఖాళీగా ఉంటే పూర్తిగా వదిలేయండి. ఒక కొండ శిఖరం సరిగ్గా వెనక కొండ గీతను తాకితే ఆ రెండూ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. శిఖరం ఆ గీతను దాటి పైకన్నా రావాలి, దానికి కిందన్నా ఆగాలి. ఒక వరుస ఎడమనుంచి వాలుతుంటే తర్వాతది కుడినుంచి వాలే చోటు దొరికితే నిలువు ఫ్రేములో తీయండి, లోతు బాగా తెలుస్తుంది. ఆ ప్రాంతపు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు ఎదురు వెలుగులో సన్నటి నల్లని ఆకారాలై, వెనకున్న కొండల పరిమాణం ఎంతో చూపిస్తాయి.

ఫోకస్ దగ్గర చాలా ఫోటోలు పోతాయి. మసకబారిన కొండ మీద ఆటోఫోకస్‌కి పట్టు దొరకదు, లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉంటుంది. ఫోకస్ చుక్కను ముదురు కొండ అంచు మీద, అంటే కొండా మంచూ కలిసే గీత మీద పెట్టండి. లేదా లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) 10 రెట్లు పెద్దది చేసి చేత్తో తిప్పి, మాన్యువల్‌లో వదిలేయండి. ఎఫ్/8 దగ్గర 200 ఎంఎంతో 250 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే 125 మీటర్ల నుంచి అంతూ దరీ లేనంత దూరం వరకు తేటగా వస్తుంది. 55 ఎంఎంతో అయితే 19 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు తొమ్మిదిన్నర మీటర్ల నుంచి. అరకు వైపు వలిసె పూల చేను ముందు పెట్టుకుని వెనక కొండలు తీయాలనుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. 200 ఎంఎంతో పది మీటర్ల దూరంలోని పూలు పసుపు మసకలా వస్తాయే తప్ప తేటగా రావు. అలాంటప్పుడు 35–55 ఎంఎం వాడి, వరుసలు చిన్నవైనా సరే ఒప్పుకోవాలి.

అన్నీ తేటగా రావాలనే మీరు ఎఫ్/22 పెట్టి ఉంటారు. అంత చిన్న రంధ్రంలోంచి దూరేటప్పుడు వెలుతురు అలలా పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఎఫ్/22 దగ్గర ఒక చుక్క వెలుతురు ఏడెనిమిది పిక్సెళ్ళ వెడల్పుకి సాగుతుంది, ఎఫ్/8 దగ్గర మూడు కూడా దాటదు. పైగా సెన్సర్ మీది ధూళి మచ్చలన్నీ ఎఫ్/22లో నున్నటి ఆకాశం మీద చుక్కలై తేలతాయి. ఎఫ్/8 చాలు, అవసరమైతే ఎఫ్/11.

ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 లేదా 200. ట్రైపాడ్ ఉంటే షట్టర్ స్పీడ్ ఎంతైనా ఫర్వాలేదు. మధ్య కడ్డీ పైకి లేపకండి, 2 సెకన్ల టైమర్ వాడండి, లెన్సులో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఆపేయండి. ట్రైపాడ్ లేకపోతే 200 ఎంఎం దగ్గర స్టెబిలైజర్ ఆన్ చేసి 1/125, అది లేని లెన్సయితే 1/320 తగ్గకుండా చూసుకుని, అందుకు తగ్గట్టు ఐఎస్ఓ పెంచండి.

ఎక్స్‌పోజర్‌లో, అంటే ఎంత వెలుతురు తీసుకోవాలన్న దాంట్లో, కెమెరా మాట పూర్తిగా నమ్మకండి. తెల్లటి మంచు చూసి అది చాలా వెలుతురుందనుకుంటుంది, బూడిద రంగులోకి దించేస్తుంది. ఫ్రేములో మంచు ఎక్కువగా ఉండి సూర్యుడు లేకపోతే ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 స్టాప్ వరకు పెంచండి (ఒక స్టాప్ అంటే రెట్టింపు వెలుతురు). సూర్యుడి చుట్టూ మెరుపు ఫ్రేములోకి వస్తే తగ్గించాల్సి వస్తుంది. హిస్టోగ్రామ్ (ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు ఉండే వెలుతురు గ్రాఫ్) చూస్తే తెలిసిపోతుంది: వరుసలు విడిగా ఉన్న ఫోటోలో చాలాసార్లు ఒక్కో వరుసకీ ఒక్కో గుట్ట కనిపిస్తుంది. గుట్టలన్నీ కుడి గోడకు గుద్దుకుంటే దూరపు వరుసలు తెలుపులో పోయినట్టే, వాటిని తర్వాత తిరిగి తేలేం. జేపెగ్ మానేసి రా ఫైల్ (సెన్సర్ నమోదు చేసిన సమాచారం దాదాపు అంతా ఉండే ఫైల్) తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకీ 256 మెట్లే ఉంటాయి. లేత కొండలూ ఆకాశమూ వాటిలో చిన్న భాగాన్నే వాడుకుంటాయి, కాస్త సవరించగానే నున్నటి మసకలో చారలు పడతాయి.

రంగుల ఛాయను సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. తెల్లవారుజాము నీలాన్నీ తొలి ఎండ బంగారు రంగునీ అది తప్పుగా లెక్కేసి సరిచేస్తుంది. డేలైట్‌లో, అంటే 5200 కెల్విన్ ప్రాంతంలో పెట్టి వదిలేయండి.

సూర్యుడి వైపు తీస్తున్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు. పొడవు లెన్సు పెట్టిన డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటికి శాశ్వత నష్టం జరగవచ్చు, స్క్రీన్ మీదే చూసుకోండి. లెన్సు ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేసి హుడ్ (పక్క వెలుతురును ఆపే తొడుగు) పెట్టండి. ఆ గాజు వల్ల వచ్చే దయ్యపు మచ్చలు నల్లటి కొండ మీద స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లవారుజామున ముందు గాజు మీద మంచు కూడా కురుస్తుంది. తీయనప్పుడు మూత పెట్టి ఉంచండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చొక్కా జేబులో ఉంచుకోండి.

పోలరైజర్ ఎందుకు వద్దంటే, అది బాగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన. మీరు తీసేది సూర్యుడి వైపు, అక్కడ దాని ప్రభావం దాదాపు సున్నా. పనిచేసిన చోట కూడా అది మసకను కోస్తుంది. ఊరికే ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. అది పనికొచ్చే పొరలు వేరే ఉన్నాయి. గండికోటలో పెన్నా నది కోసిన లోయ గోడల్లో రాతి పొరలు తీయాలంటే గాలి తేటగా ఉండాలి, ఎండ పక్కనుంచి పడాలి. వాన తర్వాత తడి రాతి మీది మెరుపును పోలరైజర్ తగ్గిస్తుంది. అక్కడ డీహేజ్ కాస్త పెంచినా తప్పులేదు.

ఫోన్‌తో తీసేటప్పుడు 2 లేదా 3 రెట్ల అసలు లెన్సు ఉంటే అదే వాడండి, అంతకు మించి జూమ్ చేయకండి. హెచ్‌డీఆర్ ఆపేయండి, అది నీడలను లేపి, వెలుగును దించి మెట్లన్నిటినీ చదును చేస్తుంది. ఆపడం కుదరని ఫోన్లలో ప్రో మోడ్‌లోకి వెళ్ళి రా ఎంచుకోండి. మామూలు మోడ్‌లో తీయక తప్పకపోతే లేత కొండ మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుతురును కొద్దిగా కిందికి లాగండి.

ఎడిటింగ్‌లో ముందు డీహేజ్, క్లారిటీ రెండూ సున్నాకి తెండి. క్లారిటీ పెంచితే కొండ అంచుల వెంట తెల్లటి గీతలు పుడతాయి. డీహేజ్‌ను మైనస్ 5, మైనస్ 10 దాకా తీసుకెళ్ళినా కొన్ని ఫోటోల్లో బాగుంటుంది. తర్వాత బ్లాక్స్ (అతి ముదురు భాగాలను మార్చే స్లైడర్) తగ్గించండి, కానీ అన్నిటికన్నా దగ్గరి వరుస మాత్రమే నలుపును తాకాలి. రెండో వరుస కూడా నల్లబడితే వెనక్కి రండి. మధ్య వరుసలు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటే టోన్ కర్వ్‌లో (ముదురు నుంచి లేత దాకా వెలుతురును సర్దే గీత) వాటి భాగాన్ని మాత్రమే కొంచెం నిటారుగా చేయండి, ఎంత నిటారుగా చేస్తే మెట్టు అంత పెద్దదవుతుంది. ఎదురు వెలుగులో అంచుల వెంట ఊదా రంగు గీత కనిపిస్తే క్రొమాటిక్ అబరేషన్ పెట్టె టిక్ చేయండి. అంచులను పదును చేసే షార్పెనింగ్‌కి మాస్కింగ్ పెంచి అంచులకే పరిమితం చేయండి, లేకపోతే మంచులో ఇసుక రాలినట్టు నాయిస్ లేస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మసకలో మళ్ళీ చారలు వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ఎఫ్/22 జేపెగ్ నుంచి పెద్దగా రాబట్టలేరు కానీ, డీహేజ్ తీసేసి, ఆ బూడిద పట్టీని మాత్రమే అడ్డంగా కత్తిరించి చూడండి. అందులో ఎన్ని వరుసలున్నాయో చూస్తే వచ్చేసారి లెన్సు ఎక్కడ గురిపెట్టాలో తెలుస్తుంది.

పాపికొండల్లో పద్ధతి కొంత మారుతుంది. బోటులో ట్రైపాడ్ పనికిరాదు, ఇంజను వణుకు కాళ్ళలోంచి కెమెరాకి ఎక్కుతుంది. రెయిలింగ్‌కి ఆనకండి, మోకాళ్ళు కాస్త వంచి, మోచేతులు ఒంటికి ఆనించి నిలబడండి. షట్టర్ 1/500 నుంచి 1/1000, ఐఎస్ఓ 400–800, 70 నుంచి 150 ఎంఎం మధ్య ఉంటే చాలు, కొండలు దగ్గరే కాబట్టి. కెమెరా పట్టీ మెడలో, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి.

అక్కడ గోదావరి వంపులు తిరుగుతున్నా మొత్తమ్మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. మీరు రాజమండ్రి వైపునుంచి ఎక్కితే ఉదయం ఎగువకు వెళ్తారు, అంటే సూర్యుడు బోటు వెనక వైపు ఉంటాడు. అందరూ ముందు డెక్ మీద చేరతారు, అక్కడినుంచి కొండలు పచ్చగా, చదునుగా కనిపిస్తాయి. మీరు బోటు వెనక భాగానికి వెళ్ళి, వచ్చిన దారివైపు తీయండి. తిరుగు ప్రయాణంలో సూర్యుడు పడమటికి వాలతాడు, అప్పుడు కూడా వెనకవైపే ఎదురు వెలుగు. ఒడ్డు కొండలు ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి వచ్చి ఒకదాన్నొకటి దాటేది వంపుల దగ్గర. బోటు తిరుగుతున్నకొద్దీ ఆ సందు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. రెండు కొండల మధ్య కాస్త నీరు కనిపించడం మొదలైనప్పటి నుంచి ఆ సందు మూసుకునే దాకా రెండు మూడు సెకన్లకొకటి చొప్పున తీస్తూ పోండి.